సోషల్ మీడియా ప్రభావంపై ఎంఏ డిసర్టేషన్: ప్రశ్న నుంచి వైవా దాకా ఎలా చేయాలి

సోషియాలజీ, జర్నలిజం, సోషల్ వర్క్, పొలిటికల్ సైన్స్ విభాగాల్లో 'సమాజంపై సోషల్ మీడియా ప్రభావం' అనే శీర్షిక ఏటా కనబడుతూనే ఉంటుంది. దాన్ని ఎంచుకున్నవాళ్లలో చాలామంది పట్టే దారి కూడా ఒకటే. గూగుల్ ఫారం ఒకటి తయారుచేసి క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెడతారు, వచ్చిన నూరు, నూటయాభై జవాబులకు పై చార్టులు గీస్తారు, 'యువతపై ప్రభావం ఎక్కువగా ఉంది' అని తేల్చేస్తారు. అందులో సమాజమూ దొరకదు, ప్రభావమూ దొరకదు. దొరికేది ఆ క్లాసువాళ్ల అభిప్రాయం మాత్రమే. అదే నాలుగైదు నెలల్లో, ఒక్క లాప్‌టాప్‌తో, పైసా ఖర్చు లేకుండా నిలబడే పని చేయొచ్చు. అదెలాగో అడుగడుగునా చూద్దాం. చెప్పేది గాల్లో ఉండకుండా మొదటినుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం: షుగర్ జబ్బు గురించిన తెలుగు యూట్యూబ్ వీడియోలు, వాటి కింద జనం రాసే కామెంట్లు.

1. 'ప్రభావం' అన్న మాటను ముందు విప్పండి

ప్రభావం అంటే ఒకటి జరగడం వల్ల ఇంకొకటి మారడం. అది చెప్పాలంటే పోలిక ఉండాలి: వాడినవాళ్లకూ వాడనివాళ్లకూ, లేదా వాడకముందుకూ వాడిన తర్వాతకూ. 2018 అమెరికా మధ్యంతర ఎన్నికలకు ముందు కొందరు ఆర్థికవేత్తలు సరిగ్గా ఇదే చేశారు. కొంతమందికి డబ్బిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఖాతా ఆపించి, ఆపనివాళ్లతో పోల్చారు. అంత బడ్జెట్ ఎంఏ విద్యార్థికి ఉండదు. ఒక్కసారి చేసిన సర్వేలో 'ఎక్కువ వాడేవాళ్లకు ఆందోళన ఎక్కువ' అని తేలినా, వాడకం వల్ల ఆందోళన వచ్చిందో, ఆందోళన ఉన్నవాళ్లే ఎక్కువ వాడుతున్నారో ఆ సర్వే చెప్పలేదు. పైగా ఇలాంటి సంబంధాలు అనుకున్నంత పెద్దవి కాకపోవచ్చు. 2019లో ఆమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్స్కీ అనే పరిశోధకులు భారీ సర్వేల డేటాను తిరగేసి చూస్తే, కౌమార వయసువాళ్ల మనోస్థితిలో కనబడే తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడినది మహా అయితే 0.4 శాతం.

కాబట్టి 'ప్రభావం' అన్న మాటను శీర్షికలోంచి తీసేసి, ఆ చోట ఎవరు, ఏ వేదిక మీద, ఏ కాలంలో, ఏం చేస్తున్నారు అన్న నాలుగూ నింపండి. మన ఉదాహరణ ఇలా తయారవుతుంది: 'షుగర్ గురించిన తెలుగు యూట్యూబ్ వీడియోల కింద ఒక ఏడాదిలో వచ్చిన కామెంట్లలో, చూసేవాళ్లు మందుల గురించి ఏం అడుగుతున్నారు, ఒకరికొకరు ఏం సలహా ఇచ్చుకుంటున్నారు?' ఇది చిన్న ప్రశ్నలా కనబడుతుంది. కానీ డాక్టరు మాటకూ వీడియో మాటకూ మధ్య జనం ఎక్కడ నిలబడుతున్నారో చూపించేది ఇలాంటి ప్రశ్నే.

ప్రశ్న బాగుందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష పెట్టుకోండి. జవాబు మీరు అనుకున్నదానికి ఎదురు రాగలదా? 'సోషల్ మీడియా యువతను చెడగొడుతోందా' అంటే ఎదురు జవాబుకు చోటే లేదు. 'మందు ఆపేశామని చెప్పేవాళ్లకు తోటి ప్రేక్షకులు వంతపాడుతున్నారా, హెచ్చరిస్తున్నారా' అంటే ఏదైనా రావచ్చు.

2. సినాప్సిస్ రాయకముందే డేటా దొరుకుతుందో లేదో చూడండి

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. అయిదారేళ్ల కిందటి థీసిస్‌లు చూసి, అవే పద్ధతులు సినాప్సిస్‌లో రాసేస్తారు. తీరా మూడో నెలలో తలుపులన్నీ మూసి ఉంటాయి.

ట్విట్టర్, అంటే ఇప్పటి ఎక్స్, పరిశోధకులకు ఉచితంగా ఇచ్చే ఏపీఐ (ప్రోగ్రాము ద్వారా డేటా తీసుకునే దారి) ప్రవేశాన్ని 2023లో ఎత్తేసింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు వెతికి తీయడానికి పరిశోధకులు వాడిన క్రౌడ్‌టాంగిల్‌ను మెటా 2024 ఆగస్టులో మూసేసింది. దాని బదులు మెటా కంటెంట్ లైబ్రరీ ఉంది గానీ సంస్థ తరఫున దరఖాస్తు చేసి, అనుమతి వచ్చేదాకా ఆగాలి. ఒక్క సెమిస్టరులో పని తేలాలంటే దానిమీద ఆశ పెట్టుకోకండి. టిక్‌టాక్ మన దేశంలో 2020 జూన్ నుంచి నిషేధంలో ఉంది.

వాట్సాప్ సంగతి వేరు. తెలుగు ఊళ్లలో వార్త ఎక్కువగా తిరిగేది అక్కడే, కానీ అది ప్రైవేటు చోటు. ఫలానా గ్రూపును చదువుతున్నామని సభ్యులందరికీ చెప్పి, ఒప్పుకున్నవాళ్ల మెసేజ్‌లే వాడాలి. అడ్మిన్ ఒక్కరు ఒప్పుకుంటే సరిపోదు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ సెట్టింగు ఆన్ చేసి ఉంటే చాట్ ఎక్స్‌పోర్ట్ కూడా కాదు. అలాంటప్పుడు గ్రూపును వదిలేసి, మనుషులతో ఇంటర్వ్యూలు చేయడం మేలు: వాళ్ల ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచి, నిన్న వచ్చిన ఫార్వర్డ్‌లలో ఏది ఎవరికి పంపారో, ఎందుకు పంపారో చెప్పించుకోండి.

ఇవన్నీ పోగా, ఎంఏ విద్యార్థికి న్యాయంగా, ఉచితంగా, పెద్ద మొత్తంలో దొరికేది యూట్యూబ్ కామెంట్లే. అందుకే ఈ ఉదాహరణ.

వాడకం సమయం కొలవాలనుకునేవాళ్లకు ఒక మాట. 'రోజుకు ఎన్ని గంటలు వాడతారు' అని అడిగితే వచ్చే అంకె నమ్మదగ్గది కాదు. ఫోన్ లెక్కతో పోల్చి చూసిన అధ్యయనాల్లో రెండూ అంతంతమాత్రంగానే కలిశాయి. డిజిటల్ వెల్‌బీయింగ్ పేజీ తెరిపించి, గత వారం లెక్క అక్కడే రాసుకోండి.

3. అనుమతులు: చిన్న పని, కానీ ముందే కావాలి

యూనివర్సిటీలో ఎథిక్స్ కమిటీ ఉంటే డేటా తీయకముందే దరఖాస్తు పెట్టండి. కమిటీ కూర్చోవడానికే ఒక్కోసారి నెల దాటుతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. మనిషి తనంతట తాను బహిరంగంగా పెట్టిన సమాచారానికి ఆ చట్టం వర్తించదు, పరిశోధనకు కూడా కొన్ని షరతుల మీద మినహాయింపు ఉంది. 18 ఏళ్లలోపు పిల్లల విషయానికొస్తే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఇంటర్ విద్యార్థులమీద చేస్తానంటే ఈ పత్రాలకే నెలన్నర పోతుందని లెక్కేసుకోండి.

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. తన షుగర్ అంకెలు కామెంటులో రాసిన పెద్దాయన, అవి ఒక డిసర్టేషన్‌లో అచ్చవుతాయని అనుకుని ఉండడు. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తే, సెర్చ్‌లో కొట్టగానే ఆయన ఖాతా బయటపడే అవకాశం ఉంది. అందుకని యూజర్ పేర్లను మొదటిరోజే అంకెలుగా మార్చేయండి. ఉటంకింపుల్లో భావం చెడకుండా మాటలు మార్చండి. అసలు వాక్యాలున్న ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి, కింద చెప్పే 30 రోజుల నియమానికి లోబడి, పరీక్షకుడు అడిగితే చూపించడానికి మాత్రమే ఉంచుకోండి. యూట్యూబ్ ఏపీఐ నిబంధనలు కూడా చదవండి: తీసిన డేటాను 30 రోజులకు మించి అలాగే దాచుకోకూడదు, తాజా చేసుకోవాలి లేదా తుడిచేయాలి. దీన్ని బట్టి డేటా తీసే తేదీ, కోడింగ్ (కామెంట్లను చదివి వర్గాలుగా గుర్తించే పని) తేదీలు ముందే కుదుర్చుకుని, గైడ్‌కూ కమిటీకీ రాసి చూపించండి.

4. డేటా తీయడం

గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లో ప్రాజెక్టు ఒకటి తెరిచి, యూట్యూబ్ డేటా ఏపీఐ వెర్షన్ 3ని ఆన్ చేసి, కీ (ఏపీఐని వాడుకోవడానికిచ్చే పాస్‌వర్డ్ లాంటి కోడ్) తీసుకోండి. ప్రోగ్రామింగ్ రాకపోతే యూట్యూబ్ డేటా టూల్స్ అనే ఉచిత సాధనం ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో డిజిటల్ మెథడ్స్ బృందానికి చెందిన బెర్న్‌హార్డ్ రీడర్ తయారుచేసింది.

మామూలు కోటా రోజుకు 10,000 యూనిట్లు. ఒక్కో సెర్చ్‌కు 100 యూనిట్లు పోతాయి, పేజీకి 50 ఫలితాలొస్తాయి. కామెంట్లయితే 100 కామెంట్ల పేజీకి 1 యూనిట్టే. కోటా లెక్కలు మారుతుంటాయి గనక మొదలుపెట్టే రోజున అధికారిక పేజీలో సరిచూసుకోండి. పై లెక్క ప్రకారం 10 వెతుకుడు మాటలు, ఒక్కోదానికి 4 పేజీలు అంటే 4,000 యూనిట్లు. తేలిన 150 వీడియోల్లో ఒక్కోదానికి సగటున 600 కామెంట్లుంటే ఇంకో 900. అంటే ఒక విడత ఒక్కరోజులో అయిపోయే పని. మధ్యలో కోటా అయిపోతే కంగారుపడకండి. అది పసిఫిక్ సమయం అర్ధరాత్రికి మళ్లీ నిండుతుంది, అంటే మనకు వేసవిలో మధ్యాహ్నం 12:30, చలికాలంలో 1:30.

దెబ్బతినే చోట్లు మూడున్నాయి. ఒకటి, సెర్చ్ ఫలితాలు రోజుకో రకంగా వస్తాయి. ఒకే వెతుకుడును వారం పాటు రోజూ నడిపి, వచ్చినవన్నీ కలిపి, రెండుసార్లు వచ్చినవి తీసేయండి. ఏడాదిని నెలలుగా కోసి ఒక్కో నెలకూ విడిగా వెతికితే పాత వీడియోలు కూడా బయటికొస్తాయి. రెండు, కామెంట్ల కింద జవాబులు ఎక్కువున్నచోట మొదటి విడతలో కొన్నే వస్తాయి. మిగతావి విడిగా అడగాలి. మన ప్రశ్నలో సగం ఆ జవాబుల్లోనే ఉంది కాబట్టి వాటిని వదలడానికి వీల్లేదు. మూడు, ఛానల్ యజమాని తనకు నచ్చని కామెంట్లు తీసేయగలడు. 'ఇది తప్పు, డాక్టరును అడగండి' అని రాసినవే ఎక్కువగా పోయి ఉండొచ్చు. దీన్ని మీరు సరిచేయలేరు. కానీ పరిమితుల దగ్గర తప్పకుండా రాయాలి, ఎందుకంటే మీ ఫలితం ఏ వైపు ఒరిగే అవకాశం ఉందో చెప్పేది అదే.

వెతుకుడు మాటల జాబితా కూర్చునే ఒక్క సాయంత్రం పనికి చాలా విలువుంది. 'షుగర్', 'మధుమేహం', 'డయాబెటిస్', 'చక్కెర వ్యాధి', 'షుగర్ తగ్గాలంటే' లాంటివి తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగులోనూ విడివిడిగా పెట్టుకోండి.

5. తెలుగు డేటాను శుభ్రం చేయడం

ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు చెప్పనిది ఇదే. అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

మీకు వచ్చే సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టిక) ఎక్సెల్‌లో నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగంతా పిచ్చి గుర్తులుగా మారొచ్చు. ఆ స్థితిలో సేవ్ చేశారంటే వెనక్కి రాదు. డేటా మెనూలోంచి 'ఫ్రమ్ టెక్స్ట్' ఎంచుకుని, ఎన్‌కోడింగ్ దగ్గర 65001 యూటీఎఫ్-8 పెట్టి తెరవండి. వీడియో ఐడీ ఉన్న నిలువు వరుసను 'టెక్స్ట్'గా ఉంచండి. అడ్డగీతతో మొదలయ్యే ఐడీలను ఎక్సెల్ ఫార్ములా అనుకుని చెడగొడుతుంది. మొదట వచ్చిన ఫైలును తాకకుండా పక్కన పెట్టి, కాపీ మీదే పనిచేయండి.

ఇక లిపి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ఫ్ట్ తర్వాత కనపడని ఒక అక్షరం ఉంటుంది, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఒకరి కీబోర్డు దాన్ని వేస్తుంది, ఇంకొకరిది వేయదు. 'టాబ్లెట్‌లు' అని వెతికితే అది లేకుండా రాసినవి దొరకవు. లెక్కల ఫైలులో దాన్ని మొత్తం తీసేయండి. విభక్తులు ఇంకో చిక్కు: డాక్టర్, డాక్టరు, డాక్టర్ని, డాక్టరుగారిని, డాక్టర్లు. మాట మొత్తంతో కాకుండా 'డాక్ట' అనే మొదటి ముక్కతో వెతకండి. ఇంగ్లీషు అక్షరాల తెలుగులో స్పెల్లింగుకు హద్దే లేదు. 'బాగుంది' ఒక్కదాన్నే జనం నాలుగైదు రకాలుగా కొడతారు. ఐదు వందల కామెంట్లు కళ్లతో చదివి, ఎదురైన రకాలన్నీ ఒక పట్టికలో ఎక్కించుకోండి.

రాసిన మాట మెచ్చుకోలో తిట్టో తేల్చే సెంటిమెంట్ సాఫ్ట్‌వేర్‌లను నమ్మి కూర్చోకండి. ఇంగ్లీషు మీద తయారైన సాధనం తెలుగు కామెంటును చాలాసార్లు 'తటస్థం' అని పక్కన పడేస్తుంది. 'నీకో దండం దొర' అన్నది పొగడ్తో వెటకారమో పైకీ కిందకీ చదివితే తప్ప తెలియదు. చేతులు జోడించిన ఎమోజీ కృతజ్ఞతకూ వాడతారు, వేడుకోలుకూ వాడతారు. ఏఐ మోడల్‌తో కోడ్ చేయించాలనుకుంటే, ముందు మీ చేతితో కోడ్ చేసిన 200 కామెంట్లతో పోల్చి, ఏ మోడల్, ఏ వెర్షన్, ఏ తేదీన అన్నది రాసిపెట్టుకోండి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేయకుండా దేన్నీ అందులో పెట్టకండి.

6. శాంపిల్, కోడ్‌బుక్

వచ్చిన తొంభై వేల కామెంట్లను ఒక్క కుప్పగా చేసి 400 ఏరితే, వైరల్ అయిన రెండు మూడు వీడియోలవే నిండిపోతాయి. అప్పుడు మీరు చదివేది ఆ రెండు ఛానళ్ల అభిమానులను. వీడియోకు ఇన్ని అని పరిమితి పెట్టండి. యాదృచ్ఛికంగా 40 వీడియోలు, ఒక్కోదాన్నుంచి 20 కామెంట్లు, వాటి జవాబులతో సహా తీస్తే ఒక్కరు రెండు మూడు వారాల్లో చదవగలిగిన మేర. యూట్యూబ్ పైన చూపించే 'టాప్ కామెంట్లు' మాత్రం ఏరుకోకండి. అవి ఎంపికైపోయినవి.

సర్వేల్లో తరచూ కనబడే 384 అనే అంకె గురించి. 95 శాతం నమ్మకం, 5 శాతం పొరపాటుతో లెక్కవేస్తే వచ్చే శాంపిల్ అది. యాదృచ్ఛికంగా ఏరినప్పుడే దానికి అర్థముంది. స్నేహితులకు లింకు పంపి, వాళ్లు వాళ్ల స్నేహితులకు పంపగా వచ్చిన 384 జవాబులకు ఆ హామీ లేదు.

కోడ్‌బుక్‌లో, అంటే ఏ కామెంటు ఏ వర్గంలోకి వస్తుందో చెప్పే నియమాల పట్టికలో, ఐదారు వర్గాలు చాలు: కృతజ్ఞత, తన అనుభవం, సలహా అడగడం, సలహా ఇవ్వడం, మందు మార్చడం లేదా ఆపడం, సందేహం లేదా హెచ్చరిక. ప్రతి వర్గానికీ ఏది చేరుతుందో, ఏది చేరదో, అంచున ఉన్న ఉదాహరణ ఏమిటో రాయాలి. అసలు పని ఆ అంచు ఉదాహరణల్లోనే ఉంటుంది. 'టాబ్లెట్ ఆపి నెలయ్యింది, పర్లేదా సార్' అనేదాంట్లో అనుభవముంది, ఆపడముంది, సలహా అడగడమూ ఉంది. ఒక కామెంటుకు ఒకే కోడా, ఎన్నైనా ఇవ్వొచ్చా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. ఎన్నైనా ఇవ్వడమే మంచిది. అలాగే 'షుగర్ డౌన్ అయ్యింది' అన్నది శుభవార్త కావచ్చు, కళ్లు తిరిగి పడిపోయిన సంగతి కావచ్చు. పక్కనున్న వాక్యం చెప్పకపోతే 'అస్పష్టం' అని వేయండి, ఊహించకండి.

7. ఇద్దరు కోడ్ చేసి పోల్చడం

మీ తీర్పు మీ ఒక్కరికే పరిమితం కాదని చూపించాలి. కామెంట్లలో కనీసం 100 తీసి, సబ్జెక్టు తెలిసిన ఇంకొకరికి కోడ్‌బుక్ ఇచ్చి, మీ కోడ్‌లు చూపించకుండా చేయించండి. తర్వాత శాతం ఒక్కటే రాసి ఊరుకోకండి. ఎందుకో ఈ లెక్క చూడండి. 'సలహా అడగడం' 10 శాతం కామెంట్లలోనే ఉందనుకుందాం. ఇద్దరూ కళ్లు మూసుకుని 90 శాతానికి 'లేదు', 10 శాతానికి 'ఉంది' అని వేసినా, కేవలం అదృష్టం వల్లే 82 శాతం కలుస్తుంది. మీకు 90 శాతం కలిసిందంటే, అదృష్టం వాటా తీసేసి పొత్తును కొలిచే కోహెన్ కప్పా 0.08ని 0.18తో భాగిస్తే వచ్చే 0.44. అది చాలదు. అలాంటిదే ఇంకో కొలత అయిన క్రిపెండార్ఫ్ ఆల్ఫాలో 0.80 దాటితే నమ్మకంగా, 0.667 దాటితే జాగ్రత్తగా వాడుకోవచ్చంటారు. తక్కువొస్తే రెండో మనిషితో వాదించి ఒప్పించకండి. తేడా వచ్చిన కామెంట్లు ముందేసుకుని కోడ్‌బుక్‌లో నియమం దిద్ది, కొత్తగా ఇంకో 100 తీసి మళ్లీ చేయండి.

8. లెక్క, ఆపైన మనుషులు

గణాంకాలకు వాడే జమోవి, జాస్ప్ సాఫ్ట్‌వేర్‌లు రెండూ ఉచితం, ఎంఏ స్థాయికి సరిపోతాయి. మాటల కోడింగుకు టాగెట్ లేదా క్వాల్‌కోడర్ చాలు. పట్టికలో ఏ గడిలోనైనా రావలసిన సంఖ్య 5 కంటే తక్కువుంటే కై-స్క్వేర్‌ను (రెండు వర్గాల మధ్య సంబంధముందో లేదో చూసే పరీక్ష) అలాగే నమ్మకండి. వర్గాలు కలపండి లేదా ఫిషర్ పరీక్ష వాడండి. ఒకే వీడియో కిందున్న కామెంట్లు ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవి గనక, వీడియోల వారీగా కూడా పట్టిక వేసి చూడండి. మొత్తంలో కనబడ్డ తేడా సగం వీడియోల్లోనైనా లేకపోతే అది మొత్తం మాట కాదు.

కామెంటు చెప్పనిది ఒకటుంది. ఆ మనిషి నిజంగా మందు ఆపాడా, ఆపానని రాశాడా? దీనికోసం 8 నుంచి 12 ఇంటర్వ్యూలు కలపండి. కామెంటు పెట్టినవాళ్లను వెతికి పట్టుకోవద్దు, అది వాళ్ల గోప్యతను చెరచడమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దగ్గర, అక్కడి వైద్యాధికారి అనుమతితో, షుగర్ ఉండి ఇలాంటి వీడియోలు చూసేవాళ్లతో మాట్లాడండి. 'మీరు వీడియోలు నమ్ముతారా' అంటే అందరూ కాదనే చెబుతారు. 'చివరగా చూసిన వీడియో ఏంటి, చూశాక ఇంట్లో ఏం మార్చారు, ఆ సంగతి డాక్టరుగారికి చెప్పారా' అని అడగండి. మూడో ప్రశ్న దగ్గర వచ్చే మౌనం కూడా రాసుకోవాల్సిందే.

9. రాయడం, వైవా

సమీక్షకు శోధ్‌గంగలో (భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ నిల్వ) పాత థీసిస్‌లు చూడండి, కానీ పద్ధతి కోసమే. సర్కారీ యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లకు 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద పెద్ద జర్నల్స్ చాలా దొరుకుతున్నాయి. లైబ్రరీలో లాగిన్ అడగండి. సిద్ధాంతం ఒక్కటి చాలు. యూజెస్ అండ్ గ్రాటిఫికేషన్స్ మన ప్రశ్నకు పనికొస్తుంది, ఎందుకంటే అది మీడియా జనాన్ని ఏం చేస్తుందని కాక, జనం మీడియాతో ఏం చేస్తారని అడుగుతుంది. ఎజెండా సెట్టింగ్ వార్తల ప్రాధాన్యం కొలవడానికి పుట్టింది, దాన్ని ఇక్కడ అతికించకండి. నాలుగైదు సిద్ధాంతాల పేర్లు పేర్చి తర్వాతి అధ్యాయాల్లో ఒక్కదాన్నీ తలవకపోతే, వైవాలో మొదటి ప్రశ్న దానిమీదే పడుతుంది.

థీసిస్ ఇంగ్లీషులో ఉంటే ప్రతి ఉటంకింపుకూ మాటలు మార్చిన తెలుగు పాఠం, అనువాదం రెండూ ఇవ్వండి. కాపీని అరికట్టే యూజీసీ 2018 నియమాల ప్రకారం వేరే రచనలతో పోలిక 10 శాతం దాకా ఉంటే చర్య ఉండదు, 40 దాటి 60 లోపుంటే ఏడాది దాకా మళ్లీ సమర్పించనివ్వరు.

వైవాలో 'దీన్నిబట్టి తెలుగు ప్రజలంతా ఇలా చేస్తున్నారని చెప్పొచ్చా' అని అడుగుతారు. చెప్పలేమనండి. కామెంటు పెట్టేవాళ్లు చూసేవాళ్లలో కొద్దిమందే, చూసేవాళ్లలో మందు మానేది ఇంకెందరో ఈ డేటా చెప్పదు. ఏది చెప్పగలదో ఆ తర్వాత చెప్పండి: ఏ రకం ప్రశ్నలకు జవాబిచ్చేవాళ్లు లేక జనం వీడియో కింద అడుగుతున్నారో, అక్కడ వాళ్లకు ఎవరు ఏమని జవాబిస్తున్నారో. ఆ పట్టికను ఒక పేజీ తెలుగులో రాసి, మీరు ఇంటర్వ్యూలు చేసిన ఆరోగ్య కేంద్రానికి ఇచ్చి రండి. అక్కడి డాక్టరుకూ ఆశా కార్యకర్తలకూ అది పనికొస్తుంది.